గుంతలు లెక్కపెట్టినవాడి ఉత్తరం

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో మండల పరిషత్ ఆఫీసుల్లో చాలా ఏళ్లు గుమాస్తా పని చేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఇప్పుడు నెల్లూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. దీన్ని ఫిర్యాదు అనుకోకండి. ఫిర్యాదే అయితే మొదటి ముద్దాయిని నేనే.

2016 జూలైలో వనం-మనం పేరుతో రాష్ట్రమంతా ఒకే రోజు కోటి మొక్కలు నాటాలన్నారు. మా మండలం వాటా మాకు వచ్చింది. ఉపాధి హామీ కూలీలతో గుంతలు ముందే తవ్వించాం. ఆ రోజు పొద్దున్నుంచి గంటగంటకీ లెక్క పంపాలి. పదింటికి ఎన్ని, పదకొండింటికి ఎన్ని. లెక్క ఎక్కుతూ పోవాలే గానీ ఎక్కడా ఆగకూడదు. సాయంత్రానికి నా ప్రొఫార్మాలో (పైకి పంపే లెక్కల ఫారంలో) నాటిన మొక్కలు, నర్సరీ నుంచి లారీలో దిగిన మొక్కల కంటే ఎక్కువయ్యాయి. నాకు కాళ్లలో వణుకు పుట్టింది. మా అటెండరు అది చూసి, "ఎందుకు సార్ అంత టెన్షన్? గుంతలైతే ఉన్నాయి కదా. గుంత తవ్వడం మన పని, బతకడం దాని పని" అన్నాడు. లెక్క పంపించాను. టైముకి పంపినందుకు పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

మరుసటి ఏడు ఆ గుంతల్లోనే మళ్లీ నాటాం. కొత్తవి తవ్వడానికి చోటు లేదు, పాతవేమో ఖాళీగా ఉన్నాయి. 2020 జూలైలో ఇంకో ప్రభుత్వం 20 కోట్ల మొక్కలు అంది. పథకం పేరు మారింది, బ్యానరు రంగు మారింది, గుంత అదే. హైస్కూలు వెనక గోడ పక్కన ఒక గుంత ఉండేది. కాగితాల్లో దాని మీద మూడు చెట్లున్నాయి. రిటైరయ్యే ముందు ఒకసారి వెళ్లి చూశాను. అందులో సర్కారు తుమ్మ మొలిచి ఉంది.

దానికి ఆ పేరు ఊరికే రాలేదండీ. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీకి తెల్లదొరలు తెప్పించిన చెట్టు అది. సర్కారు తెచ్చిన మొక్కల్లో ఎవరూ నీళ్లు పోయకుండా, కంచె కట్టకుండా, టార్గెట్ దాటి పెరిగింది నాకు తెలిసి అదొక్కటే.

మిగతావి ఎందుకు చచ్చాయో మేకలు కాసే పిల్లవాడిని అడిగినా చెబుతాడు. జూలైలో నాటాం కాబట్టి. వనమహోత్సవం 1950 జూలైలో, కె.ఎం. మున్షీ కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. దేశంలో చాలా చోట్ల జూలై అంటే ముసురు. మా వైపు పునర్వసు, పుష్యమి కార్తెల్లో గాలికి దుమ్ము లేస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు గట్టి వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. చిత్త, స్వాతి కార్తెల్లో నాటితే మొక్కకి కనీసం రెండు నెలలు నేలలో పదును ఉంటుంది, వేరు పట్టుకుంటుంది. జూలైలో నాటితే అది వానకోసం చూస్తూ చూస్తూ ఎండిపోతుంది. ఈ మాట ఒకసారి మా మండల అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ) వీడియో కాన్ఫరెన్సులో ధైర్యం చేసి అన్నారు. "మీ జిల్లాకి వేరే క్యాలెండరు అచ్చు వేయించమంటారా?" అని అటునుంచి పైవాళ్లు నవ్వారు. నవ్వడం దేనికో నాకు అప్పుడూ అర్థం కాలేదు. అసలు కావలసింది వేరే క్యాలెండరే.

ఒక ప్రాథమిక పాఠశాల ఆవరణలో మాత్రం వనం-మనం ఏడాది పెట్టిన కానుగ చెట్లు నాలుగు బతికాయి. మధ్యాహ్న భోజనం వండే ఆమె రోజూ బియ్యం కడిగిన నీళ్లు వాటి మొదట్లో పోసేది. ఎవరూ చెప్పలేదు, ఏ పద్దూ లేదు. ఇప్పుడు పిల్లలు ఆ నీడలోనే కూర్చుని అన్నం తింటున్నారు. నాలుగు చెట్లు. మా ప్రొఫార్మాలో అవి ఏ కాలమ్‌లో పడతాయో నాకు తెలియదు. ఎందుకంటే 'నాటినవి' అనే కాలమ్ ఉంది గానీ 'బతికినవి' అనే కాలమ్ ఆ రోజు కాగితంలో లేదు.

రిటైరయ్యాక తీరుబడి దొరికింది. పేపర్లో కనిపించిన పర్యావరణ లక్ష్యాలన్నీ ఒక పాత డైరీలో రాయడం మొదలుపెట్టాను. ఎడమ పేజీలో గడువు, కుడి పేజీలో ఏమైందో. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ డైరీలోంచి కొన్ని మీ ముందు పెడతాను.

దేశంలో మూడో వంతు నేల అడవి, చెట్లతో ఉండాలని 1952 అటవీ విధానంలో రాశారు. 1988 విధానంలోనూ అదే మూడో వంతు. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం అడవి, చెట్లు కలిపి 25.17 శాతం. అడవి ఒక్కటే అయితే 21.76. డెబ్బై ఏళ్ల పాటు ఒకే అంకెను లక్ష్యం అంటున్నామంటే, అది గోడ మీద దేవుడి పటంలా అయిపోయిందని నా అనుమానం. రోజూ దండం పెడతాం, వరం మాత్రం అడగం.

మన రాష్ట్రం కథ ఇంకా చిత్రం. 2021 నివేదికలో అడవి పెరుగుదలలో దేశంలో మనమే మొదటివాళ్లం. 647 చదరపు కిలోమీటర్లు పెరిగిందన్నారు, సంబరపడ్డాం. 2023 నివేదికలో 138.66 చదరపు కిలోమీటర్లు తగ్గిందన్నారు. రెండేళ్లలో అడవి అలా పొంగి ఇలా కుంగుతుందా? ఉపగ్రహం లెక్కలో అడవి అంటే ఏమిటో చూడాలి. ఒక హెక్టారు, అంతకు మించిన నేల మీద పది శాతం చెట్ల నీడ కనిపిస్తే అది అడవి. నేల ఎవరిదని అడగదు, చెట్టు ఏదని అడగదు. కందుకూరు, కనిగిరి వైపు వెళ్లి చూడండి, జామాయిల్, సుబాబుల్ తోటలు. వాటిని నాలుగైదేళ్లకోసారి నరికి పేపరు మిల్లుకి తోలతారు. కర్రకి మంచి రేటు వచ్చి అందరూ కొట్టేస్తే ఆకాశంలోంచి చూసేవాడికి అడవి తగ్గినట్టు, రేటు పడిపోయి నరక్కుండా ఉంచుకుంటే పెరిగినట్టు. తగ్గినదంతా ఇదేనని నేను అనను. కానీ రైతు కష్టకాలంలో నరక్కుండా వదిలేసిన కర్రని కూడా మన పచ్చదనంలో కలుపుకొని చప్పట్లు కొట్టుకునే అవకాశం ఆ లెక్కలో ఉంది. నా ప్రొఫార్మాకీ దానికీ చుట్టరికం ఉంది.

ఇక బూడిద. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా డైరీలో ఎక్కువ పేజీలు దీనివే. కృష్ణపట్నం చుట్టుపక్కల బొగ్గు కేంద్రాలన్నీ కలిపితే అయిదు వేల మెగావాట్లు దాటుతుంది. మా వియ్యాలవారిది ముత్తుకూరు వైపు. గాలి తిరిగిన రోజు మిద్దె మీద వడియాలు పెట్టరు. ఆ నలుపు బొగ్గుదా, బూడిదదా, లారీలు లేపిన దుమ్మా నేను తేల్చలేను. గడువుల సంగతి మాత్రం తేల్చగలను.

బొగ్గు కేంద్రాల బూడిదంతా ఇటుకలకి, సిమెంటుకి, రోడ్లకి వాడేయాలని కేంద్రం 1999 సెప్టెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్త కేంద్రాలకు తొమ్మిదేళ్లు, పాతవాటికి పదిహేనేళ్లు గడువు. పదిహేనేళ్లంటే 2014. అది దాటింది. 2017 డిసెంబరు 31 అన్నారు. అదీ దాటింది. 2021 డిసెంబరు 31న మళ్లీ కొత్త నోటిఫికేషన్ వచ్చింది, మూడేళ్ల చొప్పున లెక్క మొదటి నుంచి మొదలు. అయితే ఈసారి అందులో ఒక కొత్త వాక్యం ఉంది. వాడకుండా మిగిలిన బూడిదకి టన్నుకు 1000 రూపాయలు పరిహారం కట్టాలి. అయ్యా, లక్ష్యం రాసింది 1999లో, తప్పితే ఎంత కట్టాలో రాసింది 2021లో. ఆ 22 ఏళ్లూ తప్పినవాడికి ఖర్చేమీ లేదు.

పొగ సంగతీ అంతే. 2015 డిసెంబరు 7న గంధకపు పొగకి హద్దులు పెట్టి రెండేళ్లలో యంత్రాలు బిగించమన్నారు. 2017 కాస్తా 2022 అయింది, తర్వాత కేంద్రాలని మూడు రకాలుగా విడగొట్టి ఇంకా ముందుకు జరిపారు, 2024 డిసెంబరులో 2027 చివరికి, ఆపైకి తోశారు. చివరికి 2025 జూలైలో దేశంలో ఎక్కువ కేంద్రాలకు అసలు అక్కర్లేదన్నారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి: మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాలకు ఖర్చు ఎక్కువ, కరెంటు చార్జీ పెరుగుతుంది. అవి నిజం కూడా కావచ్చు. కానీ బొగ్గులో గంధకం తక్కువన్న సంగతి 2015లో తెలియదా? ఈ పదేళ్లలో మాట నమ్మి ముందుగా డబ్బు పెట్టి యంత్రం బిగించినవాడు ఏమనుకోవాలి? పన్ను మాఫీ అవుతుందని తెలిసిన ఊళ్లో మొదట పన్ను కట్టినవాడు వెర్రివాడవుతాడు. మా పంచాయతీల్లో ఇంటి పన్ను వసూలు చేసేటప్పుడు నేను కళ్లారా చూసినదే ఇది. ఒకసారి వడ్డీ మాఫీ చేస్తే, పై ఏడు సగం మంది తలుపు తీసేవాళ్లు కాదు.

గాలికి ఇంకో లక్ష్యం ఉంది. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. 2017తో పోలిస్తే 2024 నాటికి గాలిలో సన్న ధూళి 20 నుంచి 30 శాతం తగ్గాలన్నారు, తర్వాత దాన్ని 2025-26 నాటికి 40 శాతం చేశారు. మన రాష్ట్రంలో 13 నగరాలు ఆ జాబితాలో ఉన్నాయి. అందులో నెల్లూరూ ఒంగోలూ రెండూ ఉన్నాయి. డబ్బు ఇచ్చేది గాలిలో పీఎం10 ఎంత తగ్గిందో చూసి. పీఎం10 అంటే కాస్త లావుపాటి దుమ్ము. ఊపిరితిత్తుల అడుక్కి పోయే మరీ సన్న దుమ్ము పీఎం2.5 వేరు. దాంతో ఏమవుతుంది? ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) అనే పర్యావరణ సంస్థ వాళ్లు 2024లో లెక్క తీస్తే, ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికే పోయింది. ఫ్యాక్టరీల పొగ మీద ఒక్క శాతం కూడా లేదు. రోడ్డు ఊడ్చే మిషను కొనడం తప్పని అనను. కానీ పోగొట్టుకున్నది చీకట్లో అయితే, దీపస్తంభం కింద వెలుగుందని అక్కడ వెతికితే ఎలా?

ఫ్లెక్సీల సంగతి ఒక్క మాటలో: 2022 నవంబరు 1 నుంచి రాష్ట్రంలో నిషేధం అన్నారు, దాన్ని 2023 జనవరి 26కి జరిపారు. మొన్న వనమహోత్సవానికి స్వాగతం చెబుతూ మా వీధి మూల మీద కట్టింది కూడా ఫ్లెక్సీయే.

లక్ష్యాలు తప్పడానికి అన్నిసార్లూ బద్ధకమే కారణమంటే అన్యాయం. నా మేనల్లుడు రొయ్యల రైతు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీర ప్రాంత నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులని, పాతకాలపు సాగు తప్ప, 1997 మార్చి 31 లోగా తీసేయాలని తీర్పు ఇచ్చింది. మార్చి 31 వచ్చింది, పోయింది, చెరువులు అక్కడే ఉన్నాయి. చివరికి 2005లో పార్లమెంటు చట్టం చేసి లైసెన్సుతో సాగు చేసుకోమంది. మా బావగారు ఆ రోజుల్లో అన్న మాట గుర్తుంది: "చెరువు పూడ్చమంటున్నారు సరే, బ్యాంకు అప్పు ఎవరు పూడుస్తారు?" ఆయన పక్కనే ఉన్న పొలం రైతు అడిగిన మాట కూడా గుర్తుంది: "మా బావిలో ఉప్పు ఎవరు తీస్తారు?" ఇద్దరిలో ఎవరికీ జవాబు చెప్పకుండా తారీఖు ఒక్కటే చెప్పారు. అందుకే తారీఖు ఓడిపోయింది. మొన్న 2025లో ఉలవపాడు దగ్గర కరేడు రైతులు హైవే మీద బైఠాయించింది కూడా సోలార్ ఫ్యాక్టరీ భూముల కోసమే. పచ్చటి లక్ష్యమే, కింద ఉన్నదీ పచ్చటి పొలమే.

మన దగ్గరే ఇలా అనుకోకండి. 2010లో దాదాపు ప్రపంచ దేశాలన్నీ జపాన్‌లో కూర్చుని జీవవైవిధ్యానికి 2020 నాటికి 20 లక్ష్యాలు పెట్టుకున్నాయి. ఐక్యరాజ్య సమితే 2020లో తేల్చింది, ఒక్కటీ పూర్తిగా నెరవేరలేదని.

మరి నెరవేరినవి ఉన్నాయా? ఉన్నాయి. నా డైరీలో కుడి పేజీలో టిక్కు పడినవి తక్కువే గానీ, వాటిలో ఒక పోలిక ఉంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. కోట్ల మంది బళ్లవాళ్లకి నచ్చజెప్పే పని పెట్టుకోలేదు, పట్టుమని కొన్ని రిఫైనరీలలో మార్చారు. ఓజోన్ పొరని తినే రసాయనాల మీద 1987లో మాంట్రియల్‌లో చేసుకున్న ఒప్పందం కూడా అంతే. తయారుచేసేవాళ్లు కొద్దిమంది, ఒప్పందంలో లేని దేశంతో ఆ సరుకు వ్యాపారం బంద్, పేద దేశాలకి ఖర్చు ఇవ్వడానికి ఒక నిధి. శిలాజ ఇంధనాలు కాని విద్యుత్ సామర్థ్యం 2030 నాటికి సగానికి తేవాలన్న లక్ష్యాన్ని మన దేశం 2025లోనే అందుకుంది. సోలార్ పెట్టినవాడికి లాభం ఉంది, మీటరు ఉంది, నెలనెలా బిల్లు ఉంది. (సామర్థ్యంలో సగం గానీ, తయారయ్యే కరెంటులో ఇప్పటికీ పెద్ద వాటా బొగ్గుదే. సామర్థ్యమన్న అంకెను ఎంచుకోవడంలోనూ తెలివి ఉంది.) ఇళ్ల మీద సోలార్ 2022 నాటికి 40 గిగావాట్లు అన్న ముక్క మాత్రం చాలా వెనకబడింది. లక్షల కప్పులు, లక్షల మంది యజమానులు, ఒక్కొక్కరికీ ఒక ఆఫీసు చుట్టూ తిరుగుడు. అదీ తేడా.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. వనం-మనం రోజుల్లో 2029 నాటికి రాష్ట్రంలో సగం పచ్చదనం అన్నారు. ఇప్పుడు అదే సగం 2047కి అంటున్నారు. అంకె కదల్లేదు, ఏడాది కదిలింది. 2047కి నేను ఉండను, అది సహజం. మీరూ ఆ కుర్చీలో ఉండరు, ఇప్పుడున్న కలెక్టర్లూ రిటైరై ఉంటారు. అడిగేవాడు ఉన్నా, జవాబు చెప్పేవాడు ఉండడు. మండలాఫీసులో ఇలాంటి ఫైలుని మేం 'లాంగ్ పెండింగ్' అని బీరువా పై అరలో పెట్టేవాళ్లం. రేపు అడిగే ఫైలు మాత్రం బల్ల మీద ఉంటుంది.

అందుకే నేను అడిగేది చిన్నది. 2047 మాట అలాగే ఉండనివ్వండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీ పదవీకాలం లోపల, 2029 మార్చి లోగా ఏం చేస్తారో మండలం వారీగా చెప్పండి. అంకె చిన్నదైనా ఫర్వాలేదు. మా మండలానికి వెయ్యి చెట్లు అనండి, నవ్వేవాళ్లు నవ్వుతారు. కానీ ఆ వెయ్యినీ నాటిన రోజు లెక్కపెట్టకండి. మూడు ఎండాకాలాలు దాటాక లెక్కపెట్టించండి. లెక్కపెట్టేది నాటిన శాఖ కాకూడదు, నాలాంటి గుమాస్తా అసలే కాకూడదు. పక్క మండలం హైస్కూలు పిల్లల్ని సైన్సు మాస్టారుతో పంపండి, వాళ్లకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఇంకా రాలేదు. వచ్చిన అంకెని గ్రామసభలో మైకులో చదివించండి. తక్కువ వస్తే ఎవరికీ మెమో ఇవ్వకండి. మెమోకి భయపడే మేం కాగితాల మీద చెట్లు పెంచాం. ఎందుకు తగ్గాయో మాత్రం రాయించండి: మేకలా, నీళ్లా, నాటిన నెలా.

రెండోది, మా రెండు జిల్లాలకి వనమహోత్సవం అక్టోబరుకి మార్చండి. దానికి పైసా ఖర్చు లేదు, ఒక జీఓ చాలు. జూలైలో ఫోటో కావాలంటే వేరే జిల్లాలో దిగవచ్చు.

నాటే డబ్బులో కొంత తగ్గించి నీళ్లు పోసేవాళ్లకి ఇవ్వండి, మూడేళ్ల పాటు, బతికిన చెట్టుకి ఇంత అని. గుంతకి కూలి ఇస్తున్నాం, మొక్కకి ధర ఇస్తున్నాం, నీళ్లు పోసే చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఏడాది తిరక్కుండానే బిల్లు ఆగిపోతుంది. వంట చేసే ఆమెకి కూడా ఆ లెక్కన నాలుగు చెట్ల డబ్బు బాకీ ఉన్నాం.

బూడిద, పొగ మీ ఒక్కరి చేతిలో లేవని తెలుసు, కేంద్రం గడువులు కేంద్రానివి. కానీ కృష్ణపట్నం చుట్టుపక్కల ఏ కేంద్రంలో ఎంత బూడిద మిగిలింది, ఎంత పరిహారం కట్టారు అన్నది ముత్తుకూరు, చిల్లకూరు మండలాఫీసుల నోటీసు బోర్డు మీద మూడు నెలలకోసారి తెలుగులో అంటించమని మీరు చెప్పగలరు. కట్టకపోతే సున్నా అని రాయించండి. సున్నాలు చదవడం మా జనానికి వచ్చు.

ఈ ఉత్తరంలో నా పేరు రాయడం లేదు. పెన్షన్ ఆగుతుందనే భయమేం కాదు, ఆ రోజు నాతో పాటు సంతకం పెట్టినవాళ్లు కొందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. మీరు జిల్లాకి వస్తే చిత్త కార్తెలో రండి, ఆ నాలుగు కానుగ చెట్లు చూపిస్తాను. వెనక గోడ పక్కన గుంత కూడా చూపిస్తాను, గొడ్డలి తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సీనియర్ అసిస్టెంటు,
నెల్లూరు